రెండో సీటు బరువు

2006 నాటికి నేను మూడుసార్లు విమానం ఎక్కాను. మూడుసార్లూ మధ్య సీటే. కిటికీ పక్కన కూర్చున్న మహానుభావులు మూడుసార్లూ దాని తలుపు కిందికి లాగేసి, గురకలు పెట్టుకుంటూ ప్రయాణం పూర్తి చేశారు. పైనుంచి భూమి ఎలా ఉంటుందని ఊళ్ళో ఎవరైనా అడిగితే, ముందు సీటు వెనక భాగంలాగా ఉంటుంది, మధ్యలో ఒక సంచీ, సంచీలో ఒక పాత పత్రిక అని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు. మనుషుల్ని నవ్వించడం నాకు చిన్నప్పుడే పట్టుకున్న జబ్బు. ఆరో తరగతి మధ్యలో బడి మానడానికి సగం కారణం అదే. మిగతా సగం, మా నాన్నకు కాజాలు కుట్టేవాడు కావలసి రావడం.

నెల్లూరు జిల్లా నుంచి దుబాయ్‌లోని సత్వాకి నేను వచ్చింది 2002లో. బట్టల దుకాణాల వెనక సందులో మా టైలరింగ్ షాపు. నాలుగు మిషన్లు, ఒక పొడుగాటి కటింగ్ టేబులు, గాలి కంటే చప్పుడు ఎక్కువ ఇచ్చే ఒక ఏసీ. నేను కటింగ్ మాస్టర్ని. నా పక్క మిషను మీద ఒక కడపాయన. గాజు తలుపు పక్కన బల్ల వేసుకుని మా ముదీర్ సాబ్, అంటే షాపు మేనేజరు. హైదరాబాద్ మనిషి. మా అందరి పాస్‌పోర్టులూ ఆయన బల్ల కింది ఇనప సొరుగులో ఉండేవి. సొరుగు తాళం ఆయన జేబులో ఉండేది. ఆయన నవ్వు ఎక్కడ దాచాడో మాత్రం ఎవరికీ తెలీదు. నాలుగేళ్ళలో నేను వేసిన జోకుల్లో ఒక్కటి కూడా ఆయన దగ్గర చెల్లలేదు.

టీచరమ్మ మాకు పాత గిరాకీ. ఆవిడా నెల్లూరే. దుబాయ్‌లో ఒక ఇండియన్ స్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా భూగోళం చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఎండాకాలంతో రిటైరై ఊరికి వెళ్ళిపోవాలి. ఆరో తరగతి గట్టెక్కని నన్ను మాస్టరూ అని పిలిచే టీచరు ప్రపంచంలో ఆవిడ ఒక్కరే. ఆ పిలుపు కోసమైనా ఆవిడ జాకెట్లు నేను వేరేవాళ్ళ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం ఆవిడ జాకెట్ ముక్క లేకుండా వచ్చారు. చేతిలో కాగితాల కట్ట.

"మాస్టరూ, ఆఫ్రికా పోతుండా. బట్టలు కుట్టాల."

"ఎవురికి టీచరమ్మా, మీకా సింహాలకా?"

"సింహాలు రెడీమేడ్ వేసుకుంటాయిలే. నాకే."

కాగితాలు కటింగ్ టేబులు మీద పరిచి చెప్పారు. అది చిన్న విమానాల్లో తిరిగే యాత్రట. మనం ఆటోలో ఊళ్ళు తిరిగినట్టు అక్కడ విమానంలో తిరుగుతారు. ఎడారి మీద ఎగిరి, ఇసుకలో గీసిన గీతలాంటి చోట దిగి, గుడారంలో రెండు రోజులుండి, మళ్ళీ అదే విమానం ఎక్కి ఇంకో చోటికి. రోడ్లుండవు. ఎడారి అయ్యాక జంతువుల అడవులు, ఆ తరవాత నీళ్ళు. మొత్తం పన్నెండు రోజులు.

"ఇసుకను చూసేదానికి అంత దూరం పోతారా?" అన్నాను. "ఇక్కడ తలుపు తీస్తే ఇసుకే గదా. ఫ్రీగా కళ్ళల్లోనే పడతాది."

"ఇక్కడ పక్కనుంచి చూస్తాం మాస్టరూ. అక్కడ పైనుంచి చూస్తాం. చానా కిందుగా ఎగరతాదంట. జింక పరిగెత్తితే దుమ్ము లేచేది గూడా కనపడతాదంట."

కత్తెర తీసుకుని ఊరికే గాలిలో రెండుసార్లు కత్తిరించాను.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక షాపు తెరవగానే ఆవిడ వచ్చేవారు. స్కూలు నుంచి ఒక పెద్ద మ్యాపు తెచ్చి టేబులు మీద పరిచేవారు. నేను గుడ్డ మీద గీసే సుద్దతో దాని మీద దారి గీశాను. విండ్‌హుక్ నుంచి ఎర్ర ఇసుక దిబ్బలకు ముప్పావు అంగుళం. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డుకు ఇంకో ముప్పావు. ఒడ్డు వెంబడే పైకి ఒకటిన్నర. అక్కడ తిమింగిలాల ఎముకలూ విరిగిన ఓడలూ ఇసుకలో పడి ఉంటాయట. అక్కణ్ణుంచి లోపలికి ఎటోషా. తెల్లటి ఉప్పు మైదానం, దాని చుట్టూ ఏనుగులు. ఆ తరవాత దేశం దాటి ఒకవాంగో. టేపు పెట్టి కొలిచి, అంగుళానికి ఎంత దూరమో ఆవిడ చెబితే, ఎంతసేపు ఎగరాలో ఇద్దరం లెక్క వేసేవాళ్ళం. నా జన్మలో నేను చదివిన భూగోళం మొత్తం ఆ కటింగ్ టేబులు మీదే.

"ఈ ఒకవాంగో నది ఉండాది చూడు, ఇది సముద్రంలో కలవదు. పోయి పోయి ఎడారిలో పరుచుకోని ఇంకిపోతాది."

"దారి తప్పి ఎడారికొచ్చి పడిందన్నమాట. నాలాగా."

"తప్పలా మాస్టరూ. దాని దారే అది."

బట్టలకు నియమాలుండేవి. నీలం, నలుపు పనికిరావు, అక్కడ ఒక రకం ఈగ ఆ రంగులకు వచ్చి కుడుతుందట. ఈగలు కూడా గుడ్డ చూసి వస్తాయంటే ఆ ఊళ్ళో షాపు పెట్టాలనిపించింది. తెలుపు పనికిరాదు. మిలిటరీ డిజైను వేసుకుంటే పోలీసులు పట్టుకుంటారు. మిగిలింది మట్టి రంగు. ఆవిడ జన్మంతా గద్వాల అంచులూ కంచి పట్టులూ కట్టిన మనిషి. మట్టి రంగు చొక్కా, ప్యాంటూ తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "నన్ను చూసి ఏనుగే భయపడతాది" అన్నారు. జూలైలో మనకు నెత్తి మాడుతుంటే వాళ్ళకు చలికాలమట. పొద్దున్నే విమానం ఎక్కాలంటే ఉన్ని లైనింగు కోటు కావాలి. ఆ కోటు ట్రయలు వేసిన రోజునే మా ఏసీ చచ్చిపోయింది. మే నెల. టీచరమ్మ కోటులో నిలబడి చెమటలు కక్కుతుంటే, నేను గుండీలు సరిచూస్తూ, "చలి ఎట్టుండాది టీచరమ్మా?" అని అడిగాను. ఆవిడ స్కేలు కోసం టేబులంతా వెతికారు, నన్ను కొట్టడానికి.

అన్నింటికంటే పెద్ద కథ బ్యాగుది. చిన్న విమానం కదా, మనిషికి పదిహేను కిలోలే, కెమెరాతో కలిపి. బ్యాగు మెత్తగా ఉండాలి, చక్రాలుండకూడదు. ఆవిడ ఈ మాట చదివి చెప్పారు. నేను విన్నాను కూడా. కానీ బ్యాగంటే ఏమిటో నాకు అప్పటికే తెలుసు అనుకున్నాను. ఊరికి పోయే మనవాళ్ళకు సత్వాలో ఏడాదికి ఎన్ని బ్యాగులు కుట్టానో లెక్క లేదు. అడుగున అట్ట, అట్ట చుట్టూ రెక్సిను, నాలుగు మూలలా తాడు కట్టేందుకు ఇనప రింగులు, పైన రెండు బెల్టులు. చెన్నై ఎయిర్‌పోర్టులో లారీ మీద నుంచి విసిరినా లోపలి టాల్కం డబ్బా నలగకూడదు. అదీ మన లెక్క. వారం రోజులు కష్టపడి, జన్మలో కుట్టిన బ్యాగులన్నిటిలోకీ గట్టి బ్యాగు కుట్టి టేబులు మీద పెట్టాను. టేబులు కదిలింది.

టీచరమ్మ ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశారు. "ఇందులో ఏం పెట్టావు?"

"ఏం లేదు. ఖాళీదే."

"ఖాళీ బ్యాగే నాలుగు కిలోలుండాదే. ఇంక నేను ఒక దువ్వెన మాత్రం పెట్టుకోని పోవాల్నా?"

కడపాయన మిషను ఆపి అందుకున్నాడు. "విమానం కింద పడినా ఈ బ్యాగు మాత్రం పగలదు టీచరమ్మా. దీన్నే పట్టుకోని కూర్చోండి."

మళ్ళీ పారాచూట్ గుడ్డతో ఇంకోటి కుట్టాను. అట్ట లేదు, రింగుల్లేవు. మడిచి జేబులో పెట్టుకోవచ్చు. నాకు మాత్రం అది బ్యాగులా అనిపించలేదు, బ్యాగు కట్టుకోవాల్సిన లుంగీలా అనిపించింది.

ఇంతలో ఆవిడ ఆఫ్రికా పోతున్నారని సందంతా తెలిసిపోయింది. మాలో ఎవరు ఎక్కడికి విమానం ఎక్కినా మిగతావాళ్ళు తలా ఒక ప్యాకెట్టు పంపడం ఆనవాయితీ. కడపాయన ఒకరోజు ఖర్జూరాల డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"మా చిన్నాయన కొడుకు టాంజానియాలో ఉండాడు. పోతా పోతా ఇచ్చేసి పోండి టీచరమ్మా. పెద్ద బరువేం ల్యా, రెండు కిలోలు."

"నాయనా, నేను పోయేది నమీబియా. టాంజానియా యాడుండాదో తెలుసా?"

"ఆఫ్రికాలోనే గదా."

ఆవిడ అతన్ని మ్యాపు దగ్గరికి లాక్కెళ్ళి, రెండు చోట్ల రెండు వేళ్ళు పెట్టించారు. కడపాయన రెండు చేతులూ చాపి, టేబులు మీద బోర్లా పడినంత పని చేసి, "ఇంత దూరమా, అయితే వాడే వచ్చి తీసుకుంటాడులే" అన్నాడు.

టీచరమ్మతో పాటు వాళ్ళ స్కూల్లో ఇంకో టీచరు పోవాల్సి ఉంది. మే చివర్లో ఆవిడకు మోకాలి ఆపరేషను పడింది. ఆవిడ మానుకున్నారు. ఆ విమానం వాళ్ళ నియమం ఏమిటంటే కనీసం రెండు సీట్లు తీసుకోవాలి. ఒక్కరే పోయినా రెండో సీటుకు కట్టాల్సిందే. టీచరమ్మ ఒక వారం రాలేదు. మానేశారేమో అనుకున్నాను. ఆ వారం నాకు ఏ పనీ సరిగ్గా సాగలేదు. ఒకాయన ప్యాంటుకు రెండు కాళ్ళూ ఎడమ కాళ్ళే కత్తిరించాను.

తరవాతి శుక్రవారం వచ్చారు. "పోతాను మాస్టరూ. పక్క సీటు ఖాళీగానే ఎగరనీ" అన్నారు. ఒక ఫారం తీశారు. అందులో ప్రయాణికుల బరువు రాయాలి. విమానం చిన్నది కాబట్టి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో దాన్నిబట్టి చూసుకుంటారట.

"అరవై రెండు" అని రాయబోయారు.

"టీచరమ్మా, మీ జాకెట్ కొలతలు నా పుస్తకంలో ఉండాయి. టేపు అబద్ధం చెప్పదు."

"అయితే ఎంతుంటాననుకుంటా ఉండావు?"

"నేను చెప్తే మీరు స్కేలు వెతుకుతారు. రండి."

పక్క సందులో కార్గో షాపు ఉంది. ఊళ్ళకు కార్టన్లు పంపేది. అక్కడ నేల మీద పెద్ద కాటా. టీచరమ్మ చెప్పులు విప్పి, హ్యాండ్‌బ్యాగు నా చేతికిచ్చి దాని మీద నిలబడ్డారు. కార్గో అతను పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఎక్కడికి?" అని హిందీలో అడిగాడు.

"ఆఫ్రికాకి" అన్నాను.

"ఓడలోనా, విమానంలోనా?"

కాటా డెబ్భై ఒకటి చూపించింది. టీచరమ్మ నవ్వుతూ దిగలేక కార్టన్లు పట్టుకున్నారు. నవ్వు ఆగాక నన్ను చూసి, "నువ్వూ ఎక్కు" అన్నారు. ఎక్కాను. యాభై ఎనిమిది. ఆవిడ ఫారం కార్టన్ మీద పెట్టుకుని, తన బరువు పెన్నుతో రాశారు. కింద రెండో ప్రయాణికుడి గడిలో పెన్సిలుతో నా యాభై ఎనిమిది రాశారు. "ఇద్దరైతే ఎంతయ్యేదో చూద్దాం" అని కూడారు. నూట ఇరవై తొమ్మిది.

ఆవిడ లెక్కల సరదాకు రాశారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పెన్సిలు గీత నా లోపల దిగింది.

మరునాటి నుంచి మిషను ముందు కూర్చుంటే ఎదురుగా గోడ ఉండేది కాదు. గోడ అక్కడే ఉంది, నాలుగేళ్ళ నుంచీ ఉంది, దానికి తగిలించిన కేటలాగుల్లో ఆడపిల్లలు అలాగే నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. నేను మాత్రం ఎగురుతూ ఉండేవాణ్ణి. టేబులు మీద పరిచిన గోధుమరంగు గుడ్డకు మడతలు పడితే, పైనుంచి దిబ్బలు ఇలాగే ఉంటాయా అని చూసేవాణ్ణి. ఇస్త్రీ చెయ్యబుద్ధి అయ్యేది కాదు. ఆ ఏడు నాకు ఊరికి సెలవు ఉంది. రెండేళ్ళకు ఒకసారి వచ్చే సెలవు. అది వదులుకుంటే ఆ టికెట్టు డబ్బూ సెలవు జీతమూ దారి ఖర్చుకూ గుడారాలకూ సరిపోతాయని తేల్చుకున్నాను. ఇంట్లో ఏమని చెప్పాలన్నది మాత్రం తేల్చుకోలేదు. ఆవిడ నాకు అమ్మ వయసు మనిషి, ఎవరేమనుకుంటారు అనుకున్నాను. అనుకుంటారని కూడా తెలుసు. ఎప్పుడూ లేనిది నాకోసం నేను ఒకటి అడగాలనుకున్నాను, అంతే.

ఆవిడ చొక్కాల గుడ్డలో రెండు మీటర్లు మిగిలింది. మధ్యాహ్నం షాపు మూసిన వేళ, ఎవరూ లేకుండా చూసి నా కొలతలు నేనే తీసుకున్నాను. వేలమంది భుజాలు కొలిచాను గానీ తన భుజం తాను కొలుచుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. టేపు ఒక కొస పళ్ళతో పట్టుకోవాల్సి వచ్చింది. కడపాయన గమనించాడు, రెండు రోజులకు.

"ఎవురిదన్నా ఈ చొక్కా? నీ మాదిరే బక్క మనిషి."

"గిరాకీది."

"గిరాకీ పేరు రాయలేదే."

"ఎగిరిపోయే గిరాకీలే. నువ్వు కాజాలు చూసుకో."

ఇక మిగిలింది పాస్‌పోర్టు. దానికోసం ముదీర్ సాబ్ ముందు నిలబడాలి. నాలుగు రోజులు మాటలు కూర్చుకుని, ఐదో రోజు ఆయన మధ్యాహ్నం జుహర్ నమాజు నుంచి వచ్చాక నిలబడ్డాను.

"సాబ్, నా పాస్‌పోర్టు కావాలి. పదహారు రోజులు సెలవు."

"ఊరికా?"

"కాదు సాబ్. ఆఫ్రికాకి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆఫ్రికాల ఏం పని మియా నీకు?"

పనేమీ లేదు. అదే చెప్పాను. చిన్న విమానం గురించి చెప్పాను, కిందుగా ఎగరడం గురించి చెప్పాను. చెప్తూ చెప్తూ ఎక్కడో ఒక జోకు వేసి తప్పించుకుందామని చూశాను గానీ ఆయన ముఖం ముందు జోకు రాదు కదా. అందువల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అంతసేపు అలా నేను ఎవరితోనూ మాట్లాడలేదు అంతకుముందు.

ఆయన జేబులోంచి తాళం చెవి తీశాడు. తరవాత వంగి సొరుగు తాళం తీశాడు.

"ఇరవై ఆరేండ్లాయె నేనొచ్చి. ఇక్కడికెల్లి హైదరాబాద్, హైదరాబాద్‌కెల్లి ఇక్కడికి. ఇంకో ఊరు చూడలె." పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి తియ్యకుండానే అన్నాడు. "సోలా దిన్. పదిహేడో రోజు పొద్దుగాల మిషను మీద కనపడాలె."

"కనపడతాను సాబ్."

"పో."

శుక్రవారం టీచరమ్మ వచ్చేసరికి ఆ పాస్‌పోర్టు నా చొక్కా జేబులో ఉంది. ఆవిడ ఉత్సాహంగా ఉన్నారు. వీసా వచ్చింది. ఫారం ఇక పంపెయ్యాలి. ఆ కాగితం టేబులు మీద పెట్టి ఒకసారి సరిచూసుకుంటున్నారు. ఇదే అదను అనుకున్నాను. నా నోటికి ఒక్కటే వరస అలవాటు. అడగడం కూడా ఆ వరసలోనే బయటికొచ్చింది.

"టీచరమ్మా, ఆ రెండో సీటు ఊరికే పోనివ్వడమెందుకు, నేను కూర్చుంటా."

ఆవిడ తల ఎత్తలేదు. "కూర్చో కూర్చో. సింహమొస్తే ముందర నిన్నే దించుతా."

"నిజంగానే టీచరమ్మా."

అప్పుడు తల ఎత్తి నన్ను చూశారు. చూసి నవ్వడం మొదలుపెట్టారు. "నిజంగానే అంటాడు చూడు. ముఖం ఎట్టా పెట్టినాడో చూడు" అని కడపాయనకు చూపించారు. కడపాయన చూసి, "ఈ ముఖాన్ని చూస్తే సింహం శాకాహారి అయిపోతాది" అన్నాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. కార్గో షాపులో కాటా మీద నవ్వినట్టే నవ్వారు. నన్ను తక్కువ చేసిన నవ్వు కాదు అది. నాతో కలిసి నవ్విన నవ్వు. నాలుగేళ్ళుగా ఆవిడకు నేను నేర్పింది అదే.

నేనూ నవ్వాను. ముగ్గురిలో గట్టిగా నవ్వింది నేనే. జేబులో పాస్‌పోర్టు అట్ట గుండెకు గుచ్చుకుంటూనే ఉంది. బయటికి తీసి టేబులు మీద పెడితే అంతటితో నవ్వు ఆగేది. చెయ్యి పైకి లేచింది కూడా. లేచి, చెవి మీద ఉన్న సుద్ద తీసుకుని దిగింది.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి రబ్బరు తీసి, రెండో గడిలో యాభై ఎనిమిదిని చెరిపారు. పొట్టు నోటితో ఊదారు. ఆ గడిలో పెన్నుతో సున్నా చుట్టారు.

సాయంత్రం పాస్‌పోర్టు తీసుకెళ్ళి ముదీర్ సాబ్ బల్ల మీద పెట్టాను.

"ఏమైంది?"

"సింహాలకు నా కుట్టు నచ్చలేదంట సాబ్."

ఆయన నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, పాస్‌పోర్టు తీసుకుని సొరుగులో వేశాడు. "చాయ్ తెప్పించుకో" అన్నాడు. ఆయన డబ్బులతో చాయ్ తాగమనడం అదే మొదలు.

జూలై రెండో వారంలో ఆవిడ వెళ్ళారు. దారి కాగితం నకలు ఒకటి నాకిచ్చి వెళ్ళారు, సరదాగా ఉంటుందని. దాన్ని కేటలాగు కింద గోడకు గుచ్చాను. దాంట్లో ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఎగురుతారో ఉంది. వాళ్ళ గడియారం దుబాయ్ కంటే మూడు గంటలు వెనక. పొద్దున తొమ్మిదిన్నరకు నేను షట్టరు ఎత్తేసరికి ఆవిడ కోటు గుండీలు పెట్టుకుని విమానం దగ్గరికి నడుస్తుంటారు. పదిన్నరకు దిబ్బలు. మూడో రోజు సముద్రం ఒడ్డు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంటే ఎగరరని ఆవిడే చెప్పారు. సత్వాలో గాలి లేదు. అక్కడెలా ఉందో అని మధ్యాహ్నం దాకా మనసు నిలవలేదు. ఆరో రోజు ఏనుగులు. కడపాయన కూడా అలవాటు పడ్డాడు. "ఇప్పుడు యాడుంటాదన్నా టీచరమ్మ?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. మధ్యలో ఒక శుక్రవారం వచ్చింది. అసర్ అయ్యాక షాపు తెరిచి టేబులంతా ఖాళీ చేసి తుడిచాను, మ్యాపు పరవడానికన్నట్టు. తరవాత దాని మీద ఎవరిదో పెళ్ళి షేర్వాణీ పరిచాను.

జూలై చివర్లో ఆవిడ తిరిగొచ్చారు. ఫ్లాటు ఖాళీ చేసి నెల్లూరు వెళ్ళిపోవడానికి వారమే ఉంది. నల్లబడ్డారు, పెదాలు పగిలాయి, కళ్ళు మాత్రం స్కూలు పిల్ల కళ్ళలాగా ఉన్నాయి. ఐదు రీళ్ళు కడిగించి తెచ్చారు. కట్టలు కట్టలుగా ఫొటోలు టేబులు మీద గుమ్మరించారు.

ఒక్కొక్కటే చూశాను. పైనుంచి భూమి. ఎర్రగా, మెలికలు తిరిగి, ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ, నీడ అంచు కత్తెరతో కోసినంత సన్నగా. ఒక దాంట్లో తెల్లటి మైదానం మీద చుక్కలు, అవి జింకలట. ఒక దాంట్లో నీళ్ళు, పచ్చటి గడ్డిలో దారప్పోగుల్లాగా విడిపోయి. నేను జోకు వెయ్యకపోవడం కడపాయనకు వింతగా ఉన్నట్టుంది, మిషను ఆపి చూస్తున్నాడు.

సగం కట్టలు అయ్యాక అడిగాను. "టీచరమ్మా, మీరు యాడ? ఒక్క దాంట్లోనూ లేరే."

"నేనే గదా తీసింది."

"ఒక్కటన్నా ఎవురిచేతన్నా తీయించుకోవాల్సింది."

"దిగినాక ఎవురో ఒకరు తీసేవాళ్ళేమో, అడగబుద్ధి కాలా. పైన తీయించుకోవాలనుండె. పైలట్టుకు చేతులు ఖాళీ ఉండవు. పక్కన ఎవురూ లేరు." ఫొటోలు సర్దుతున్న చెయ్యి ఆగింది. "సీట్లో వాళ్ళు నీళ్ళ సీసాలూ టిఫిను పెట్టెలూ పెట్టి బెల్టు కట్టినారు. ఏదన్నా కనపడితే, అదో చూడు అని పక్కకు తిరిగేదాన్ని. పెట్టె ఉండేది."

ఆవిడ నన్నే చూస్తున్నారు. క్లాసులో ఒక పిల్లాడు జవాబు తెలిసి కూడా చెప్పలేదని అనుమానం వచ్చిన టీచరు చూసినట్టు.

"మాస్టరూ. ఆ రోజు నువ్వు నిజంగా అడిగినావా?"

మూడు జోకులు నోటిదాకా వచ్చాయి. మూడూ బాగున్నవే. ముదీర్ సాబ్ తన బల్ల దగ్గర పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు కూర్చున్నాడు, పెన్ను కదలడం లేదు.

"అడిగాను" అన్నాను.

"మరి నవ్వినావే."

"మీరు నవ్వారు గదా."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకున్నారు. తరవాత టేబులు మీద పడి ఉన్న ఫొటోలన్నీ ఒక్కచోటికి లాగారు. వాటి వెనక అంకెలు చూసుకుంటూ మొదటి నుంచి వరసగా పేర్చడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. పేర్చి, స్టూలు లాక్కుని, నాకూ ఒక స్టూలు కాలితో తోశారు.

"కూర్చో. ఇది విండ్‌హుక్. పొద్దున ఆరున్నర. చలి. పైలట్టు కుర్రోడు, నిన్ను చూసి బరువెంత అని అడిగినాడు, నువ్వు యాభై ఎనిమిదని చెప్పినావు. బ్యాగులు ఎనక వేసినారు. నేను ఎక్కినాను, నా పక్కన నువ్వు ఎక్కినావు. బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా" అన్నాను.

"లేచింది. చెవులు గుయ్యిమంటాయి, భయపడబాక. ఊరు అయిపోయింది. కొండలు అయిపోయినాయి. ఇప్పుడు కిందికి చూడు."

వంగి చూశాను. గాజు తలుపు తెరుచుకుని ఎవరో లోపలికి వచ్చారు, ప్యాంటు పొడుగు తగ్గించాలి, అర్జంటు అంటున్నారు. తల ఎత్తకుండా రేపు రమ్మన్నాను. మాకింకా మొదటి రోజు కూడా పూర్తి కాలేదు.